సెన్సార్ పోయింది సార్!

కారున్న ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు వినే మాట ఇది. డాష్‌బోర్డు మీద పసుప్పచ్చగా ఇంజను బొమ్మ వెలుగుతుంది. మనం కంగారుగా సర్వీస్ సెంటరుకి తోలుకెళ్తాం. ఇస్త్రీ చొక్కా వేసుకున్న కుర్రాడొకడు స్టీరింగు కింద ఏదో పెట్టె తగిలిస్తాడు, చేతిలో టాబ్లెట్ వంక ఒక్క నిమిషం చూస్తాడు, తలెత్తి "సెన్సార్ పోయింది సార్" అంటాడు. మనం "ఎంతవుతుంది?" అంటాం. అంతే, రోగనిర్ధారణ అయిపోయింది! డాక్టరు దగ్గరికి వెళ్తే నోట్లో థర్మామీటరు పెట్టి, "నూట మూడు చూపిస్తోంది, థర్మామీటరు మార్చాలి" అన్నట్టు ఉంటుంది నాకైతే.

ఈ మాట మీద నాకు చాలా రోజులుగా మంటగా ఉంది. కాకపోతే ఆ మంట ఎవరి మీద అన్నది ఈ మధ్య మారింది. మొదట్లో సర్వీస్ సెంటర్ల మీద ఉండేది. ఇప్పుడు మన మీద, అంటే గంటకిన్ని డాలర్లని లెక్కగట్టి బతికే మన ఐటీ జనం మీదకి మళ్ళింది. ఎందుకో చెప్పాలంటే అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర నాకు జరిగిన భాగోతం చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి.

నాదొక చిన్న కారు. మూడు సిలిండర్లు, వెయ్యి సీసీ లోపు పెట్రోలింజను, 2016లో కొన్నది. కంపెనీ పేరెందుకు లెండి, ఈ విషయంలో అందరూ ఒక తాను ముక్కలే. 2024 దసరా వెళ్ళాక మొదలైంది గోల. చక్కగా పోతూ పోతూ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు అయ్యేది. ఒక్కోసారి ఆగిపోయేది. పక్కకి లాగి మళ్ళీ కీ తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. చెక్ ఇంజన్ లైటు మాత్రం వెలుగుతూనే ఉండేది.

మొదటిసారి తీసుకెళ్తే రెండు కోడ్లున్నాయన్నారు. పీ 0107, పీ 0122. మొదటిది మ్యాప్ సెన్సారుది, రెండోది థ్రాటిల్ పొజిషన్ సెన్సారుది. "మ్యాప్ సెన్సార్ పోయింది సార్" అని మార్చారు. 3,500 రూపాయలు. కోడ్లు చెరిపేసి కారు చేతికిచ్చారు. పది రోజులు బానే నడిచింది. తర్వాత మళ్ళీ అదే తంతు, అవే రెండు కోడ్లు. "ఈసారి థ్రాటిల్ సెన్సార్ సార్, అది విడిగా రాదు, థ్రాటిల్ బాడీ మొత్తం మార్చాలి." 11,400. మూడు వారాలు ప్రశాంతంగా గడిచాయి. మళ్ళీ మొదలు. ఈసారి ఇంకాస్త పెద్దాయన వచ్చి, గొంతు తగ్గించి, ఐసీయూ బయట డాక్టరులాగా "ఇక ఈసీయూనే సార్" అన్నాడు. 32,000 ఎస్టిమేటు. పండగ అయ్యాక చూద్దాంలే అని ఆ కాగితం గ్లోవ్ బాక్సులో పడేసి, 2025 సంక్రాంతికి పిల్లల్ని ఎక్కించుకుని విజయవాడ బయల్దేరాను.

సంక్రాంతికి ఆ రోడ్డు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఔటర్ మీద పెద్ద అంబర్‌పేట దాకా హాయిగా వచ్చి, అక్కడ దిగి 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కామంటే సగం హైదరాబాదు మన ముందే ఉంటుంది, మిగతా సగం వెనకాల. అబ్దుల్లాపూర్‌మెట్ చేరుతుండగా, ఒక బస్సుని దాటేస్తూ కుడి లైన్లో ఉన్నప్పుడు ఆగిపోయింది. యాక్సిలరేటరు తొక్కితే ఉలుకూ పలుకూ లేదు. వెనకనున్న లారీ పెద్ద హారన్ కొట్టుకుంటూ ఎడంపక్క నుంచి కోసుకుని పోయింది. మా అబ్బాయి వెనక సీట్లోంచి "నాన్నా, లారీ ఎంత దగ్గరికొచ్చిందో!" అని సంబరంగా అరిచాడు. వాడికది ఆట. నాకు మాత్రం చేతులు వణికాయి. 14,900 ఖర్చు పెట్టి నేను కొనుక్కున్నది ఇదన్నమాట.

ఉన్న ఊపుతోనే ఎలాగో అంచుకి చేర్చాను. కాసేపటికి స్టార్టయింది. మెల్లగా పోతుంటే రోడ్డు పక్కన రేకుల షెడ్డు, దాని మీద రంగుతో రాసిన బోర్డు: "బ్యాటరీ, సెల్ఫ్, డైనమో, వైరింగ్". స్కానర్ లేదు, ఏసీ లేదు, కాఫీ మిషను లేదు. యాభై ఏళ్ళ ఆయన ఒక ట్రాక్టరు డైనమో విప్పుకుని కూర్చున్నాడు. నాకున్న బోడి జ్ఞానంతో ఫోను తీసి కోడ్లు చూపించాను (వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ ఓబీడీ ముక్క ఒకటి కారులో ఎప్పుడూ ఉంటుంది). ఆయన ఫోను చూసి తిరిగిచ్చేసి ప్రశ్నలు మొదలెట్టాడు.

"ఎప్పుడాగుతది సార్? సల్లగున్నప్పుడా, ఏడెక్కినంకనా?"

"సంబంధం లేదన్నా. ఎప్పుడైనా ఆగుతుంది."

"గుంతలల్ల, స్పీడ్ బ్రేకర్ల కాడనా, సాఫు రోడ్డు మీద గూడనా?"

అప్పుడు వెలిగింది. గుంతల్లో, మలుపుల్లో, గబుక్కున యాక్సిలరేటరు తొక్కినప్పుడు. అంటే ఇంజను తన మౌంటింగుల మీద అటూ ఇటూ ఊగినప్పుడు. మూడు నెలల్లో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నేనూ నన్ను అడుక్కోలేదు. సర్వీస్ సెంటరు జాబ్ కార్డు మీద "చెక్ ఇంజన్ లైట్ ఆన్" అని ఉంది, కింద నా సంతకం ఉంది. "ఎప్పుడు?" అన్న గడే లేదు.

"రెండు సెన్సార్లు ఒక్కపారే ఎట్ల పోతయి సార్? రెండింటికి వొయ్యే కరెంటు ఒక్కటే. గది సూద్దాం ముందు."

ఇక్కడ కాసేపు ఆగి ఈ సెన్సార్లేంటో చెప్పుకోవాలి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పుడు దాన్లో ఉన్నది కార్బురేటరు. గాలి లాగినంత మేరకి పెట్రోలు దానంతటదే కలిసేది. ఇప్పటి కార్లలో ఎంత పెట్రోలు చల్లాలో ఈసీయూ లెక్క కడుతుంది. పెట్రోలుకి గాలి బరువులో సుమారు 14.7 రెట్లుండాలి. గాలి ఎంత వస్తోందో తెలుసుకోడానికి చాలా చిన్న కార్లలో వాడేది మ్యాప్ సెన్సారు. ఇన్‌టేక్ గొట్టంలో పీడనం ఎంతో చెప్తుంది. థ్రాటిల్ సెన్సారు రెక్క ఎంత తెరుచుకుందో చెప్తుంది. ఈ రెండిటికీ మూడేసి వైర్లు. ఒకటి ఈసీయూ పంపే 5 వోల్టుల సప్లై, ఒకటి గ్రౌండు, ఒకటి జవాబు తీసుకొచ్చే సిగ్నలు. ఆ 5 వోల్టులు చాలా కార్లలో రెండిటికీ ఉమ్మడి. అది ఎక్కడైనా బాడీకి తగిలి కూలిపోతే రెండు సెన్సార్లూ ఒక్కసారే సున్నా అంటాయి. ఈసీయూకి కళ్ళు రెండూ పోయినట్టే. ఇంజను ఆగిపోక ఏం చేస్తుంది?

అయ్యా, సాఫ్ట్‌వేరు సోదరులారా! రెండు సర్వీసులు ఒకే క్షణంలో పడిపోయాయి అనుకోండి. మీరు ఒక సర్వీసు తిరిగి రాసి, పది రోజులాగి, రెండోది తిరిగి రాసి, మూడు వారాలాగి, సర్వరు మొత్తం కొత్తది కొంటారా? ఫ్రెషర్ కుర్రాడు కూడా "రెండూ ఏ డేటాబేసుని పిలుస్తున్నాయి?" అని ముందు అడుగుతాడు. నేను పదిహేనేళ్ళుగా అదే పని చేస్తున్నాను. అలాంటి నేను కారు విషయానికొచ్చేసరికి 14,900 కట్టి, థాంక్యూ కూడా చెప్పి వచ్చాను. డైనమో విప్పుకుంటున్న మనిషికి మాత్రం అర నిమిషంలో తట్టింది.

ఆయన మల్టీమీటరు తీశాడు. కీ ఆన్ చేసి, ఇంజను స్టార్ట్ చెయ్యకుండా, మ్యాప్ సెన్సారు కనెక్టరు వెనక నుంచి సన్న సూది దూర్చి చూశాడు. 5.0. బానే ఉంది. వైర్ల కట్ట పట్టుకుని అక్కడక్కడా కదిపాడు. 5.0, 5.0, బ్యాటరీ కింది భాగం దగ్గరికి రాగానే 0.2! వదిలేస్తే మళ్ళీ 5.0. తర్వాత రెండు సెన్సార్ల ప్లగ్గులూ పీకేసి మళ్ళీ కదిపాడు. అప్పుడూ పడిపోయింది. అంటే లోపల షార్టయి కిందికి లాగుతున్నది సెన్సార్లు కాదు, వైరే. కట్ట మీద టేపు విప్పుకుంటూ పోతే బ్యాటరీ ట్రే అంచు దగ్గర ఒక వైరు మీద తోలు గీరుకుపోయి రాగి మెరుస్తోంది. ఆ కట్టని ట్రేకి తగలకుండా పట్టి ఉంచాల్సిన క్లిప్పు లేదు. అంతకు ముందు ఏడాది బ్యాటరీ మార్పించాను. మార్చినవాళ్ళు క్లిప్పు తిరిగి పెట్టలేదు. అదీ అసలు కారణం, ఏడాది కిందట ఎవరో చేసిన చిన్న మార్పు. ఈ ముక్క చదివి మీలో ఎంతమంది నిట్టూర్చారో నాకు తెలుసు :)

వైరుకి స్లీవు తొడిగి, కొత్త టేపు చుట్టి, కట్టని అంచుకి దూరంగా కేబుల్ టైతో బిగించి, మళ్ళీ మీటరు పెట్టి కదిపి చూపించాడు. మొత్తం నలభై నిమిషాలు.

ఇక నా సిగ్గుమాలిన పని చెప్తాను. "ఎంతన్నా?" అన్నాను. "ఎనిమిదొందలియ్యండి సార్" అన్నాడు. నా నోట్లోంచి వచ్చిన మాట: "టేపు చుట్టినందుకు ఎనిమిదొందలా?"

ఆయన వాదించలేదు. "సరే సార్, ఐదొందలియ్యి" అని డైనమో దగ్గరికెళ్ళి కూర్చున్నాడు. నేను ఐదొందలిచ్చి, ఏదో గెలిచినట్టు కారెక్కాను. పంతంగి టోల్ గేటు క్యూలో ఉండగా మా ఆవిడ అడిగింది, "ఆ సర్వీస్ సెంటర్లో ఎప్పుడైనా బేరమాడావా?" అని. ఆడలేదు. పని చెయ్యని రెండు వస్తువులకి 14,900 నోరెత్తకుండా కట్టాను. పని చేసిన నలభై నిమిషాలకి మూడొందలు కోశాను. దానికి కారణం ఒక్కటే. మొదటి చోట నా చేతికి ఒక అట్టపెట్టె కనపడింది. రెండో చోట కనపడింది ఒక మనిషి ఆలోచన. మనం ఆలోచనకి డబ్బులివ్వం. మన ఆలోచనకి మాత్రం పుచ్చుకుంటాం.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పనిగట్టుకుని అబ్దుల్లాపూర్‌మెట్ వెళ్ళి ఆ మూడొందలు ఇచ్చాను. ఆయన నవ్వి, టీ తెప్పించాడు. "నువ్వు చూసినందుకని విడిగా ఎందుకు తీసుకోవన్నా?" అని అడిగాను. ఆయన చెప్పింది నాకు గుర్తున్నంత వరకు ఇది: "సూసినందుకు పైసలెవరిస్తరు సార్? సామాను మార్చిన అంటెనే ఇస్తరు. గందుకే కొంతమంది మార్చకున్నా మార్చిన అంటరు. ఏం జేస్తరు మరి, ఆళ్ళ కడుపు గూడ నిండాలె గద."

ఈ టపా అంతా ఆ మాట గురించే. "సెన్సార్ పోయింది సార్" అనే జబ్బుకి మూలం అక్కడుంది. వెతికినందుకు ఎవరూ డబ్బివ్వరు, మార్చినందుకే ఇస్తారు. అందుకని వెతకడం మానేసి మారుస్తారు. సర్వీస్ సెంటరులోనైనా అంతే. అక్కడ లేబరు చార్జీ పనిని బట్టి కడతారు. సెన్సారు మార్చడానికి ఇంత, థ్రాటిల్ బాడీకి ఇంత. "రెండు గంటలు వెతికాము, వైరు గీరుకుపోయింది, టేపు వేశాము" అని రెండు వేల బిల్లు మన చేతిలో పెడితే మనం ఊరుకుంటామా? మేనేజరుని పిలిపించి, గూగుల్లో ఒక్క చుక్క రేటింగు ఇచ్చి, ఆఫీసులో అందరికీ చెప్పి పరువు తీస్తాం. అదే రెండు వేలకి ఒక సెన్సారు మార్చామంటే కిక్కురుమనకుండా కార్డు గీకుతాం. మరి వాళ్ళేం చెయ్యాలి? మనం ఏది కొంటే అదే అమ్ముతారు.

కోడ్ వచ్చిందంటే పార్టు పోయినట్టే కదా అని మీరనొచ్చు. అక్కడే ఉంది కిటుకు. పీ 0107కి ప్రామాణిక నిర్వచనం "మ్యానిఫోల్డ్ ప్రెషర్ సర్క్యూట్, లో ఇన్‌పుట్". సర్క్యూట్ అన్న మాట గమనించండి. సెన్సారు పోయిందని దాన్లో ఎక్కడా లేదు. ఈసీయూకి తెలిసిందల్లా ఆ పిన్ను దగ్గరికి రావాల్సిన దానికన్నా తక్కువ వోల్టేజీ వస్తోందని. ఎందుకు తక్కువో దానికి తెలీదు. సెన్సారు చచ్చి ఉండొచ్చు, కనెక్టరులో పచ్చగా చిలుము పట్టి ఉండొచ్చు, సప్లై రాకపోయి ఉండొచ్చు, అపార్ట్‌మెంట్ సెల్లారులో ఎలక విందు చేసుకుని ఉండొచ్చు. కొన్ని కార్లలో సప్లై పడిపోతే దానికంటూ వేరే కోడుంటుంది. నా కారు అంత దయ చూపలేదు.

ఇంకో ఉదాహరణ. ఆక్సిజన్ సెన్సారు "గాలి ఎక్కువగా ఉంది" అని మొత్తుకుంటుంది. వెంటనే ఆక్సిజన్ సెన్సారు మార్చేస్తారు. కానీ దానికి ముందు సైలెన్సరు గొట్టంలో ఎక్కడో చిన్న చిల్లు ఉండి బయటి గాలి లోపలికి వస్తుంటే, ఆ సెన్సారు చెప్పింది అక్షరాలా నిజం. నిజం చెప్పినందుకు దాన్ని పీకి పారేశాం. కొత్తది కూడా అదే నిజం చెప్తుంది. అప్పుడు ఈసీయూ మీద పడతాం.

అసలు ఈ ఓబీడీ పుట్టిందే పొగ కోసం. కాలిఫోర్నియాలో వాయు కాలుష్యం పట్టుకోడానికి మొదలుపెట్టారు. అమెరికాలో 1996 నుంచి అమ్మే కార్లన్నిటికీ ఓబీడీ-2 తప్పనిసరి చేశారు. మన దగ్గర బీఎస్-4తో పాటు 2010 ఏప్రిల్లో మొదటి దశ, 2013 ఏప్రిల్లో రెండో దశ వచ్చాయి. పొగ ఎక్కువవుతోందేమో చూసి లైటు వెలిగించడం దాని పని. ఏ సామాను కొనాలో చెప్పే జాబితాగా దాన్ని మార్చుకున్నది మనం.

ఇంతకన్నా ఒళ్ళు మండే సంగతి ఇంకోటుంది. కోడ్ పడిన క్షణంలో ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతోంది, కారు ఎంత స్పీడులో ఉంది, కూలెంటు ఎంత వేడిగా ఉంది, లోడు ఎంత, ఇవన్నీ ఈసీయూ ఒక ఫోటో తీసినట్టు దాచిపెడుతుంది. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్లు చెరిపేస్తే అదీ పోతుంది. నా కారుకి రెండుసార్లూ చేసింది అదే, ముందు చెరపడం. ఎక్కడా రాసుకోలేదు. ప్రొడక్షను పడిపోగానే ముందు లాగులు డిలీట్ చేసి (నిక్కర్లు కాదు మహాప్రభో, సర్వరు లాగులు), రీస్టార్ట్ కొట్టి, "ఇప్పుడు బానే ఉంది" అని టికెట్ మూసేసేవాణ్ణి మీ టీములో ఎన్నాళ్ళు ఉంచుకుంటారు?

సరే, దీనికి నా మిత్రులు చెప్పిన అభ్యంతరాలు కూడా చూద్దాం.

"రోడ్డు పక్క షెడ్డు వాళ్ళంతా మేధావులు, కంపెనీ వాళ్ళంతా దొంగలు అంటావా?" అనను. టెస్ట్ లాంపు పట్టుకుని ఈసీయూ వైర్లని పొడిచేవాళ్ళనీ, నకిలీ సెన్సారు పెట్టి అసలు ధర గుంజేవాళ్ళనీ రోడ్డు పక్కన కూడా చూశాను. సర్వీస్ సెంటర్లలో పని బాగా వచ్చిన కుర్రాళ్ళూ ఉన్నారు. మార్చే ముందు సప్లై చూడు, గ్రౌండు చూడు, వైరు చూడు అనేది సర్వీసు పుస్తకాల్లో ఉండే పాఠమే. సాయంత్రం లోపు ఇన్ని కార్లు బయటికి పంపాలి అన్న ఒత్తిడిలో ఆ పేజీ తెరిచే తీరిక ఎవడికుంది? తేడా షెడ్డుకీ షోరూముకీ మధ్య లేదు. అడిగి, కొలిచి, అప్పుడు చెప్పేవాడికీ, చూడగానే చెప్పేవాడికీ మధ్య ఉంది.

"మనకి టైము లేదు బాబూ, మార్చేస్తే పోయె కదా" అన్నాడు ఇంకొకడు. పోలేదు కదా నాయనా! అదే కదా చెప్తోంది. పైగా లోపం అలాగే ఉండి, రిపేరయిపోయిందన్న ధైర్యం మాత్రం నాకు వచ్చింది. ఆ ధైర్యంతోనే బస్సుని దాటబోయాను. తప్పుడు నిర్ధారణకి అయ్యే ఖర్చులో ఆ లారీ హారన్ కూడా కలపాలి.

"కార్లన్నీ కంప్యూటర్లయిపోయాయి, ఇంక రోడ్డు పక్క వాళ్ళ కాలం చెల్లింది" అనేది మూడోది. చెల్లలేదు, చెల్లిస్తున్నారు. వైరింగ్ పటాలు, కంపెనీ స్కానర్లు, విడిభాగాలు బయటివాళ్ళకి దొరక్కుండా చేస్తే ఎవరి కాలమైనా చెల్లుతుంది. ఇది నా అక్కసు కాదు. 2011లో నమోదైన ఒక ఫిర్యాదు మీద విచారణ జరిపి, కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకి మొత్తం 2,500 కోట్లకి పైగా జరిమానా వేసింది. విడిభాగాలూ, రోగం కనిపెట్టే పరికరాలూ స్వతంత్ర మెకానిక్కులకి బజారులో దొరక్కుండా చేస్తున్నారన్నది అందులో ముఖ్యమైన ఆరోపణ. తర్వాత అప్పీళ్ళు, కోర్టులు, జరిమానా లెక్క తగ్గడం, మామూలే. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే ఈ సమాచారం బయటి మెకానిక్కులకీ అమ్మి తీరాలని చట్టం చేసింది. 2014లో కంపెనీలు దేశమంతటికీ వర్తించేలా ఒప్పందానికి వచ్చాయి. మన కేంద్ర ప్రభుత్వం 2022 జులైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, డిసెంబరులో పోర్టల్ తెరిచింది. కార్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మంచిదే. కానీ అబ్దుల్లాపూర్‌మెట్ షెడ్డులో నా కారు వైరింగ్ పటం లేదు. ఆయన తన అనుభవంతో, వైరు రంగులు చూసి కనుక్కున్నాడు. పటం ఉంటే నలభై నిమిషాల పని పదిహేనులో అయ్యేది. ఆ పటం దాచినందువల్ల రక్షింపబడిన వ్యాపార రహస్యమేంటో నాకు అర్థం కాదు. మనం రోజూ పక్కవాళ్ళు రాసి పెట్టిన ఉచిత డాక్యుమెంటేషన్ చదువుకుని జీతాలు తెచ్చుకుంటున్నాం. ఆయనకి అది నిషేధం.

చట్టాలు వచ్చినప్పుడు వస్తాయి. ఈలోగా మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. నేను ఇప్పుడు చేస్తున్నవి ఇవీ:

1. కారు ఇచ్చేటప్పుడు "లైటు వెలిగింది" అని ఊరుకోను. ఎప్పుడు, ఎక్కడ, చల్లగా ఉన్నప్పుడా వేడిగానా, ఏసీ వేసినప్పుడా, వానలోనా, అన్నీ కాగితం మీద రాసి ఇస్తాను. మంచి బగ్ రిపోర్టు ఎలా రాయాలో మనకి ఒకరు నేర్పాలా?

2. కోడ్లూ, ఫ్రీజ్ ఫ్రేమూ ఫోటో తీసుకున్నాకే చెరపనిస్తాను.

3. "పోయింది" అంటే "ఏం కొలిచారు?" అని మర్యాదగా అడుగుతాను. 5 వోల్టులు వస్తున్నాయా, గ్రౌండు బాగుందా, సిగ్నలు ఎంత? ఈ మూడు అంకెలు చెప్తే సంతోషంగా మార్పిస్తాను. మార్చిన పాత ముక్క అడిగి తెచ్చుకుంటాను.

4. "వెతకడానికి గంటకి ఎంత తీసుకుంటారు? ఏమీ మార్చకపోయినా ఇస్తాను" అని ముందే చెప్తాను. మొదటిసారి ఈ మాట విన్న సూపర్‌వైజరు నన్ను అనుమానంగా చూశాడు. రెండోసారి వాళ్ళలో పని బాగా తెలిసిన కుర్రాణ్ణి పిలిచాడు.

ఆ చిన్న బ్లూటూత్ ముక్క ఉంటే మీరే చూడగలిగినవి కొన్ని. తెల్లారి, రాత్రంతా ఆగి ఉన్న కారులో కూలెంటు వేడీ, లోపలికొచ్చే గాలి వేడీ దాదాపు ఒకటే ఉండాలి. ఒకటి మైనస్ 40 చూపిస్తే హైదరాబాదులో మంచు పడిందని కాదు, చాలా కార్లలో ఆ వైరు తెగిందనో కనెక్టరు ఊడిందనో అర్థం. ఇంజను స్టార్ట్ చెయ్యకుండా కీ ఆన్ చేస్తే మ్యాప్ సెన్సారు బయటి గాలి పీడనం చూపాలి. హైదరాబాదులో సుమారు 95 కిలోపాస్కల్స్, విజయవాడ వెళ్తే 100కి దగ్గరగా. ఆ రెండు అంకెలూ సరిగ్గా వస్తే మీ సెన్సారు చాలావరకు నిజాయితీపరుడే. ఇంజను వేడెక్కి ఊరికే తిరుగుతున్నప్పుడు 30, 40 మధ్యకి దిగాలి. మామూలు రకం ఆక్సిజన్ సెన్సారు 0.1కీ 0.9 వోల్టులకీ మధ్య ఊగుతూ ఉండాలి, ఒకేచోట నిలబడితే అనుమానించాలి. ఇవి చూసి మీరు మెకానిక్కులైపోరు. కానీ "ఇక ఈసీయూనే సార్" అన్నప్పుడు తల ఊపకుండా ఒక ప్రశ్న అడగ్గలుగుతారు.

మన క్లయింటు మనల్ని "మీరు మార్చింది ఒక్క లైనే కదా, దానికి మూడు రోజుల బిల్లా?" అన్నప్పుడు మనకి ఎంత కాలుతుందో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఆ ఒక్క లైను కనుక్కోడానికి రెండున్నర రోజులు పట్టిందని కాల్‌లో ఎంత వినయంగా, పళ్ళు కొరుక్కుంటూ వివరిస్తామో కూడా. ఆ క్లయింటు గొంతే ఆ రోజు అబ్దుల్లాపూర్‌మెట్‌లో నా నోట్లోంచి వచ్చింది. మళ్ళీ రాకుండా చూసుకోవడమే ఇప్పుడు నా పని.

ఆ 32,000 ఎస్టిమేటు కాగితం ఇంకా గ్లోవ్ బాక్సులోనే ఉంది, పారెయ్యలేదు. ఇది రాసే నాటికి కారు మళ్ళీ ఒక్కసారి కూడా ఆగలేదు. పాత ఈసీయూతోనే.